నిప్పురవ్వ తప్పినప్పుడు

వాహనం ముందు పలక మీద ఇంజను బొమ్మతో ఉండే పసుపుపచ్చ దీపానికి రెండు భాషలు వచ్చు. నిలకడగా వెలిగితే, త్వరలో పరీక్ష చేయించమని అర్థం. ఆగి ఆగి మెరిస్తే, ఇంజనులో ఇంధనం సరిగా మండటం లేదనీ, ఆ మండని ఇంధనం పొగగొట్టం దారిలో ఉన్న మరొక విలువైన భాగాన్ని కాల్చివేస్తున్నదనీ అర్థం. మొదటిదానికి కొన్నాళ్ళ గడువు ఉండవచ్చు, రెండవదానికి లేదు.

ఈ స్థితికే ఇంగ్లీషులో మిస్‌ఫైర్ అని పేరు. మన ఊళ్ళలో మెకానిక్కులు ‘బండి మిస్సింగ్ కొడుతోంది’ అనేది దీనినే. ఇల్లు మారేటప్పుడు సామాను మోయటానికో, ట్రెయిలరు లాగటానికో పాత పికప్ ట్రక్కు కొనుక్కున్నవారికి ఈ జబ్బు ఏదో ఒకనాడు ఎదురు కావచ్చు. అప్పుడు తరచుగా జరిగేది ఒకటే: స్పార్క్ ప్లగ్గులన్నీ, కాయిల్స్ అన్నీ ఒకేసారి మార్చివేయటం. జబ్బు అందులోనే ఉంటే నయమవుతుంది. లేకపోతే డబ్బు పోయి జబ్బు మిగులుతుంది. కొన్ని ఇంజన్లలో ప్లగ్గును తొందరపడి విప్పటమే కొత్త జబ్బును తెచ్చిపెడుతుంది. ముందు నిదానం, తరువాతనే ఔషధం అన్న వైద్యసూత్రం ఇంజనుకూ వర్తిస్తుంది.

మంటకు కావలసినవి మూడు

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 1000 మంటలు. గంటకు 60 మైళ్ళ వేగంతో, అంటే నిమిషానికి ఒక మైలు చొప్పున, అలాగే లక్ష మైళ్ళు నడిస్తే ఒక్కొక్క ప్లగ్గు పది కోట్ల రవ్వలను పుట్టించి ఉంటుంది. ఇన్ని రవ్వలలో వరసగా కొన్ని తప్పినా చేతికి కుదుపు తెలుస్తుంది.

మంట పుట్టటానికి మూడు విషయాలు సమకూరాలి. ఒకటి, తగిన పాళ్ళలో గాలి, పెట్రోలు. ఇథనాలు కలపని పెట్రోలు పూర్తిగా మండటానికి బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. రెండు, ఆ మిశ్రమాన్ని పిస్టను గట్టిగా నొక్కాలి. వాల్వులు, పిస్టను రింగులు ఒత్తిడిని బయటికి పోనీయకూడదు. మూడు, సరైన క్షణంలో బలమైన రవ్వ.

వంటింటి గ్యాసు లైటరులో రవ్వ మామూలు గాలిలో దూకుతుంది. సిలిండరులోని రవ్వ ఎన్నో రెట్లు నొక్కుకుపోయిన వాయువును చీల్చుకొని దూకాలి. ఎడంనూ, వాయుపీడనాన్నీ గుణించగా వచ్చే విలువను బట్టి రవ్వకు కావలసిన వోల్టేజి ఉంటుందని జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పాషెన్ 1889లో చూపాడు. ఇంజనులో ఎదురయ్యే పీడనాలలో ఈ రెంటిలో ఏది పెరిగినా వోల్టేజి పెరగాలి. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండరులోకి ఎక్కువ గాలి చేరి పీడనం పెరుగుతుంది. కోట్ల రవ్వల తాకిడికి కొనలు అరిగిన ప్లగ్గులో ఎడం కూడా పెరిగి ఉంటుంది. రెండూ కలిసినప్పుడు, చదును రోడ్డు మీద బాగానే పనిచేసిన బలహీనపు కాయిల్ చేతులెత్తేస్తుంది. ‘ఖాళీగా వెళితే బాగుంటుంది, ట్రెయిలరు తగిలిస్తేనే కొట్టుకుంటుంది’ అనే ఫిర్యాదు వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

ఒక పన్ను లేని చక్రం

1996 నమూనా సంవత్సరం నుంచి అమెరికాలో అమ్మిన కార్లలో, తేలికపాటి ట్రక్కులలో ఇంజనును నిరంతరం గమనించే కంప్యూటరు వ్యవస్థ తప్పనిసరి అయింది. సిలిండరులో మంట తప్పిందని ఆ కంప్యూటరుకు తెలిసే విధానం ముచ్చటైనది. క్రాంకు షాఫ్టుతో పాటు పళ్ళచక్రం ఒకటి తిరుగుతుంది. అనేక ఫోర్డ్ ఇంజన్లలో దానికి 36 పళ్ళకు చోటుంటుంది. పళ్ళు మాత్రం 35. పన్ను లేని చోటు షాఫ్టు ఏ స్థానంలో ఉన్నదో చెపుతుంది. పన్నుకూ పన్నుకూ మధ్య కాలం, షాఫ్టు ఎంత వేగంగా ఉన్నదో చెపుతుంది. ఒక సిలిండరు మండకపోతే ఆ క్షణంలో షాఫ్టు లేశమాత్రం నెమ్మదిస్తుంది. ఏ సిలిండరు వంతులో నెమ్మదించిందో లెక్కకట్టి కంప్యూటరు ఒక సంకేతం రాసుకుంటుంది. పి0303 అంటే మూడవ సిలిండరు. పి0308 అంటే ఎనిమిదవది. పి0300 అంటే తప్పు ఒక సిలిండరుకే పరిమితం కాలేదని.

ఇక్కడ ఒక జాగ్రత్త. సిలిండర్ల వరస అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. ఫోర్డ్ వి-8 ఇంజనులో ప్రయాణికుని వైపు ముందునుంచి వెనుకకు 1, 2, 3, 4. డ్రైవరు వైపు 5, 6, 7, 8. జనరల్ మోటార్స్ వి-8లో డ్రైవరు వైపు 1, 3, 5, 7, అటువైపు సరిసంఖ్యలు. ఇది తెలియక విప్పినవారు ఆరోగ్యంగా ఉన్న సిలిండరుకు చికిత్స చేస్తారు.

గోటితో పోయేదానికి గొడ్డలి

మెరిసే దీపాన్ని ఎందుకు అలక్ష్యం చేయకూడదో రసాయనశాస్త్రం చెపుతుంది. పొగగొట్టం దారిలో ఉండే ఉత్ప్రేరక పాత్రలో తేనెపట్టు లాంటి పింగాణి దిమ్మె ఉంటుంది. దాని సన్నని రంధ్రాల గోడల మీద అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల అతి సూక్ష్మ రేణువులు ఉంటాయి. విషవాయువులను నిరపాయమైనవిగా మార్చేవి ఈ రేణువులే.

సిలిండరులో మండని పెట్రోలు, వాడుక కాని ఆక్సిజన్ రెండూ కలిసి ఈ పాత్రకు చేరితే, అక్కడ అవి మండుతాయి. పాత్ర ఉష్ణోగ్రత 1000 డిగ్రీల సెంటిగ్రేడును దాటిపోగలదు. అంత వేడిలో అల్యూమినా పూత తన సూక్ష్మరంధ్రాలను కోల్పోతుంది. లోహరేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవై, పనిచేసే ఉపరితలం కుంచించుకుపోతుంది. ఇంకా ముదిరితే దిమ్మె కరిగి దారి మూసుకుపోతుంది. ఒక కాయిల్‌తో తీరవలసిన ఖర్చు దానికి ఎన్నో రెట్లవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవటం అంటే ఇదే.

నిదానం చేసే క్రమం

జబ్బు ఎప్పుడు కనిపిస్తున్నదో గమనించటం మొదటి మెట్టు. బరువు మీదనే వస్తే రవ్వను గాని ఇంధనపు ఒత్తిడిని గాని అనుమానించాలి. బండి నిలిచి ఉన్నప్పుడు కొట్టుకుని, వేగం పెంచితే సర్దుకుంటే, ఎక్కడో పగిలిన రబ్బరు గొట్టం గుండా అదనపు గాలి చొరబడుతూ ఉండవచ్చు. వానలోనో, ఇంజను కడిగిన తరువాతనో వస్తే ప్లగ్గు కూర్చునే గుంటలో నీరు చేరిందేమో చూడాలి. చల్లని ఉదయం మొదటి నిమిషంలో మాత్రమే వచ్చి, కూలెంటు కూడా తగ్గుతూ ఉంటే, అది సిలిండరులోకి కారుతున్నదనే అనుమానం బలపడుతుంది.

రెండవ మెట్టు సంకేతాన్ని చదవటం. దీనికి చిన్న పరికరం చాలు. అమెరికాలో అనేక విడిభాగాల దుకాణాలు ఉచితంగా చదివిపెడతాయి.

మూడవ మెట్టు మార్పిడి పరీక్ష. ప్రతి ప్లగ్గుకూ విడిగా ఒక కాయిల్ ఉన్న ఇంజనులో, ఇంజను ఆపి చల్లారిన తరువాత, మూడవ సిలిండరు కాయిల్‌ను ఐదవదానికీ, ఐదవదానిని మూడవదానికీ అమర్చాలి. సంకేతాన్ని చెరిపి కొద్ది దూరం నడిపితే, తప్పు పి0305గా మారిందా, కాయిల్ దోషి. పి0303గానే నిలిచిందా, కాయిల్ నిర్దోషి. తరువాత ప్లగ్గును చూడాలి. ప్లగ్గు బాగుంటే ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టరును, చివరగా సిలిండరు పీడనాన్ని పరీక్షించాలి. ఒక సిలిండరు పీడనం, అన్నింటిలోకీ ఎక్కువ ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులకన్నా తగ్గితే, దోషం వాల్వులలోనో రింగులలోనో ఉన్నట్లు. ఏ ప్లగ్గూ దానిని బాగుచేయలేదు. పైసా ఖర్చులేని మార్పిడి పరీక్ష ఎన్నో అనవసరపు కొనుగోళ్ళను ఆపుతుంది.

విప్పిన ప్లగ్గు కూడా ఒక సాక్షి. వైద్యుడు నాలుక చూసినట్లు దాని కొనను చూడాలి. లేత గోధుమరంగు లేదా బూడిదరంగు ఆరోగ్య లక్షణం. పొడిగా ఉన్న నల్లని మసి పెట్రోలు ఎక్కువైందని చెపుతుంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఇంజను ఆయిలు సిలిండరులోకి వస్తున్నది. తెల్లగా మాడి, బొబ్బలు కట్టి ఉంటే వేడి మితిమీరింది. పింగాణి మీద సన్నని నల్లగీత ఉంటే, విద్యుత్తు కొనదాకా పోకుండా పక్కదారి పట్టిందన్నమాట.

ప్లగ్గు ఎంపిక

ప్లగ్గు తెల్లని శరీరం ముఖ్యంగా అల్యూమినా, అంటే ప్రకృతిలో కురువిందంగా దొరికే పదార్థమే. వేల వోల్టులను తట్టుకుంటూ వేడిని బయటికి పంపగల గుణం దానిది. కొన ఉష్ణోగ్రత సుమారు 500 డిగ్రీలకు తగ్గితే పట్టిన మసి కాలిపోదు. 850 డిగ్రీలు దాటితే రవ్వకు ముందే మిశ్రమం అంటుకుంటుంది. ఈ రెండు హద్దుల మధ్య కొనను నిలిపేదే ప్లగ్గు ‘ఉష్ణశ్రేణి’. ఎన్‌జీకే, డెన్సో సంఖ్యలలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియన్ సంఖ్యలలో అంకె పెరిగితే వేడిది. కాబట్టి ఒక కంపెనీ అంకెను చూసి మరొక కంపెనీ ప్లగ్గును కొనకూడదు. మార్పులు చేయని ట్రక్కుకు తయారీదారు చెప్పిన శ్రేణిని మించిన మేలైనది లేదు.

ఇక లోహం. ‘కాపర్ ప్లగ్గు’ అనేదానిలో రాగి లోపలి భాగమే. రవ్వను మోసే కొన నికెల్ మిశ్రమం. నికెల్ 1455 డిగ్రీల వద్ద, ప్లాటినం 1768 డిగ్రీల వద్ద, ఇరిడియం 2446 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఇరిడియాన్ని 1803లో స్మిత్‌సన్ టెన్నెంట్ కనుగొన్నాడు. దాని లవణాల రంగులను చూసి గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత ఐరిస్ పేరు పెట్టాడు. కాఠిన్యం వల్ల ఇరిడియం కొనను అర మిల్లీమీటరు దరిదాపు సన్నదనానికి తేవచ్చు. సన్నని కొన వద్ద విద్యుత్ క్షేత్రం కేంద్రీకృతమై తక్కువ వోల్టేజికే రవ్వ దూకుతుంది. అయితే ఎర్రగా కాగినప్పుడు ఇరిడియం ఆక్సిజన్‌తో కలిసి ఆవిరయ్యే ఆక్సైడుగా మారే గుణం కలది. దానిని అరికట్టటానికే రోడియం కలుపుతారు.

ఇరిడియం ప్లగ్గు ఇంజను శక్తిని పెంచుతుందనుకోవటం పొరపాటు. అది పెంచేది ఆయుర్దాయాన్ని. లక్ష మైళ్ళ ఆయువుకు రూపొందిన ఇంజనులో చవకైన నికెల్ ప్లగ్గు పెడితే అంతకన్నా చాలా ముందే మళ్ళీ విప్పవలసి వస్తుంది. విప్పటం కష్టమైన ఇంజనులో అది పొదుపు కాదు. పేరున్న ప్లగ్గులకు నకిలీలు కూడా ఉన్నాయి కనుక, నమ్మకమైన దుకాణంలో కొనటం మంచిది.

స్వదేశంలో స్కూటరు నడిపినవారికి, దానిని పక్కకు వంచి, ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించటం గుర్తుండే ఉంటుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో కలిసి మండే ఆయిలు వల్ల ఆ అవసరం కలిగేది. ఆ అలవాటును ఇరిడియం, ప్లాటినం ప్లగ్గుల మీద ప్రయోగించకూడదు. ఆ సన్నని కొన చెడిపోతుంది.

విరిగే ప్లగ్గుల పాఠం

ప్లగ్గు విప్పటమే ప్రమాదమైన ఉదాహరణ ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కులలో ఉంది. 2004 నుంచి 2008 వరకు వచ్చిన నమూనాలలో, సిలిండరుకు మూడు వాల్వులున్న 5.4 లీటర్ల వి-8 ఇంజనుకు అమర్చిన ప్లగ్గు రెండు భాగాల కూర్పు. మరల కిందకు పొడవైన లోహపు గొట్టం సాగి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ గొట్టం చుట్టూ చేరిన కర్బనపు పొర గట్టిపడి, గొట్టాన్ని సిలిండరు హెడ్డుకు అతికించివేస్తుంది. బలంగా తిప్పితే పైభాగం ఊడి వస్తుంది, గొట్టం లోపలే ఉండిపోతుంది. దానిని తీయటానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి.

దీనిపై ఫోర్డ్ 2008లో విడుదల చేసిన సాంకేతిక సూచనలో ఉన్న విధానం ఓర్పుతో కూడినది. ఇంజను పూర్తిగా చల్లారాలి. ప్లగ్గును ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టుకు మించకుండా వదులు చేసి, కర్బనాన్ని కరిగించే ద్రవం పోసి, కనీసం పదిహేను నిమిషాలు నాననివ్వాలి. తరువాత కొద్దిగా ముందుకూ వెనుకకూ తిప్పుతూ నెమ్మదిగా తీయాలి. కొత్త ప్లగ్గు గొట్టం మీద మాత్రం, కొనకు తగలకుండా, నికెల్ కలిసిన అంటుకోని లేపనాన్ని పలుచగా పూయాలి. ఒకే ముక్కగా చేసిన ప్లగ్గులు కూడా ఈ ఇంజనుకు తరువాత మార్కెట్టులోకి వచ్చాయి. పాత ఎఫ్-150 కొనే కుటుంబం అడగవలసిన మొదటి ప్రశ్నలలో ‘ప్లగ్గులు ఎప్పుడు మార్చారు? రశీదు ఉన్నదా?’ అనేది ఒకటి.

ఇంట్లో కొత్తగా లైసెన్సు తీసుకొన్న పిల్లలు ఉంటే, టైరు మార్చటంతో పాటు ఈ దీపపు రెండు భాషలను కూడా నేర్పటం అవసరం. దీపం మెరుస్తుంటే యాక్సిలరేటరు మీద కాలు తేలిక చేసి, బరువు తగ్గించి, సురక్షితమైన చోట ఆపాలి. మెరుపు ఆగకపోతే బండిని లాగించుకుపోవాలి. ఇంటికి చేరాక సంకేతం చదవాలి, కాయిల్ మార్చి చూడాలి, ఆ తరువాతనే ప్లగ్గు మీద రెంచి పెట్టాలి. కొనవలసిన వస్తువు ఏదో చివరికి తేలుతుంది. ఒక్కొక్కసారి అది ప్లగ్గే కాకపోవచ్చు.