పాత టీవీఎస్ 50 బయటికి తీస్తున్నారా? రంగు కంటే ముందు ఆర్సీ చూడండి

చక్రాయపేట: గడ్డిమోపులు, పాలక్యాన్లు మోసిన పాత టీవీఎస్ 50 కొట్టంలో మూలన పడుందా? 1980లో మార్కెట్లోకి వచ్చిన ఈ టూ స్ట్రోక్ మోపెడ్‌ను తక్కువ ఖర్చుతోనే మళ్లీ నడిపించొచ్చు. కానీ ముందు ఆర్సీ వెతకండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు. బండి మీది ఛాసిస్ నంబర్ ఆర్సీతో కలవకపోతే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసినట్టే.

చాలామంది మొదట పెయింట్ వేయిస్తారు. అక్కడే జేబుకు చిల్లు. ట్యాంకులో తుప్పు, పాత పెట్రోల్ కడిగేయకపోతే ఆ మడ్డి వెళ్లి కార్బొరేటర్‌లో అడ్డుపడుతుంది, ఎంత పెడల్ తొక్కినా స్టార్ట్ కాదు. ప్లగ్ ఊడదీసి నిప్పురవ్వ వస్తోందో లేదో చూడాలి. పెట్రోల్‌లో టూటీ ఆయిల్ కలపడం మరిచారో, పిస్టన్ పట్టేస్తుంది. ఇక ఇంజిన్ పనికి అయ్యే ఖర్చు వేరే! బ్రేక్ షూలు, టైర్లు మాత్రం కొత్తవే వేయించండి. రంగు సంగతి ఆఖర్న చూసుకోవచ్చు.