సర్టిఫికెట్ ఫొటో వంకర తీయడం ఎలా?

రెండేళ్ల క్రితం మా గది మిత్రుడి స్కాలర్‌షిప్ దరఖాస్తు వెనక్కి వచ్చింది. కుల ధ్రువీకరణ పత్రం స్పష్టంగా లేదని ఒక్క ముక్క రాశారు. పత్రం అసలైనదే. తప్పు మాది. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి, వెబ్ యాప్‌లో అందంగా కత్తిరించబోయి కింది అంచున ఉన్న నంబరును సగం కోసేశాం. అసలు పత్రమేమో ఊళ్లో ఉంది. గడువుకు రెండు రోజులుందనగా అతను రాత్రి బస్సెక్కి ఇంటికెళ్లి తెచ్చుకున్నాడు. ఆ తర్వాతే ఈ సంగతి మేము శ్రద్ధగా నేర్చుకున్నాం.

ఈ యాప్‌లలో మూడు వేర్వేరు పనులుంటాయి. తిప్పడం, కత్తిరించడం, వంకర తీయడం. మనలో చాలామంది మొదటి రెంటితో సరిపెడతారు. కానీ పక్కనుంచి తీసిన ఫొటోను ఎంత తిప్పినా వంకర పోదు. మన హాస్టల్ గేటు పక్కన ఓరగా నిలబడి చూడండి. దగ్గరి స్తంభం పొడుగ్గా, దూరపుది పొట్టిగా కనిపిస్తుంది. కాగితమూ అంతే. కెమెరాకు దగ్గరున్న అంచు పెద్దదై, దూరపు అంచు కుదించుకుపోయి, దీర్ఘచతురస్రం కాస్తా పలక విరిగినట్టు వస్తుంది.

దీన్ని సరిచేయడానికి యాప్ నాలుగు మూలలు అడుగుతుంది. నాలుగే ఎందుకు? ఒక్కో మూలకు అడ్డం, నిలువు కలిపి రెండు సంఖ్యలు. మొత్తం ఎనిమిది. ఈ లెక్కలో తెలియని విలువలు కూడా సరిగ్గా ఎనిమిదే. ఇంటర్‌లో సమీకరణాలు చేసినవారికి ఇది కొత్త కాదు. ఆ విలువలు తేలాక, కొత్త బొమ్మలోని ప్రతి చుక్కా పాత ఫొటోలో ఎక్కడుందో యాప్ వెతికి తెచ్చుకుంటుంది. అందుకే ఒక్క మూల తప్పుగా పెట్టినా పేజీ మొత్తం ఈడ్చుకుపోతుంది. మూల పెట్టేటప్పుడు ఫొటోను వేళ్లతో పెద్దది చేసుకుని పెట్టండి.

అయితే లేని అక్షరాన్ని ఏ యాప్ పుట్టించలేదు. దూరపు అంచులో మసకబారిన మార్కులు, సాగదీస్తే ఇంకా మసకవుతాయి. మడతపడ్డ కాగితానికీ ఈ లెక్క పనిచేయదు, అది చదునైన వాటికే. కాబట్టి నేరుగా పైనుంచి తీయాలి. లామినేషన్ ఉంటే ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుతురులో తీయండి.

ముందు వంకర తీసి, తర్వాతే కత్తిరించండి. చుట్టూ వేలెడు అంచు వదలండి. నంబరు, రబ్బరు స్టాంపు, సంతకం ఎప్పుడూ అంచుల్లోనే ఉంటాయి! ఎ4 కాగితమైతే వెడల్పు 210, పొడవు 297 మిల్లీమీటర్లు. అంటే పొడవు వెడల్పుకు 1.41 రెట్లు. సరిచేశాక ముద్ర కోడిగుడ్డులా కనిపిస్తే ఆ నిష్పత్తి చెడిందన్నమాట. నలుపు తెలుపు చేయకండి, లేత ఊదా స్టాంపు మాయమవుతుంది. 200 కేబీ, 100 కేబీ అని అడిగితే సైజు తగ్గించడం చివర ఒక్కసారే చేయాలి. జేపెగ్ ఫొటోను మార్చి దాచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

ఇంకో మాట. కొన్ని వెబ్ యాప్‌లు ఫొటోను మన ఫోన్‌లోనే సరిచేస్తాయి, కొన్ని ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపుతాయి. పేజీ తెరుచుకున్నాక నెట్ ఆపి చూడండి. అప్పుడు పని ఆగిపోతే అది సర్వర్ మీద ఆధారపడ్డదే. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ అలాంటి వాటిలో పెట్టకపోవడం మేలని మా అభిప్రాయం. నెట్ సెంటర్‌లో చేస్తే లేచే ముందు ఫైళ్లు తుడిచేయండి.

మా మిత్రుడి రెండో ఫొటో హాస్టల్ డాబా మీద తీశాం, ఎండ తగ్గాక, నల్ల దుప్పటి పరిచి. తెల్ల కాగితం కింద ముదురు రంగుంటే యాప్ మూలల్ని తానే పట్టుకుంటుంది. దుప్పటి ఎవరిదో గానీ, ఆ ఏడాది మా వరండాలో పద్నాలుగు మంది సర్టిఫికెట్లు దాని మీదే పడుకున్నాయి.