నాలుగు రోజులైతే టూరు... నాలుగు నెలలైతే కాపురం!

ఫొటోల్లో నీలి సముద్రం కనిపిస్తుంది. తెల్లటి ఇసుక కనిపిస్తుంది. ఇంటి అద్దె, కరెంటు బిల్లు, వీసా గడువు మాత్రం కనిపించవు. శంషాబాద్‌లో విమానమెక్కి థాయ్ దీవిలో కొన్నాళ్లు ఉండి వద్దామనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది వాటి గురించే!

శంషాబాద్ విమానాశ్రయంలో ఒక వరుసలో అమెరికా వెళ్లే పిల్లలు. పెద్ద పెద్ద సూట్‌కేసులు, వాటిలో ఆవకాయ, కందిపొడి, వెనక కళ్లు తుడుచుకునే అమ్మానాన్నలు. పక్క వరుసలో వీపున ఒకే బ్యాగు, కాళ్లకు చెప్పులు, చేతిలో ల్యాప్‌టాప్. సాగనంపడానికి ఎవరూ రారు. ‘ఎక్కడికి బాబూ?’ అంటే ‘ఫుకెట్ అంకుల్, ఓ రెండు నెలలు’ అనే రకం.

2008 మార్చి 23న శంషాబాద్ నుంచి విమానాలు ఎగరడం మొదలైన కొత్తలో థాయ్ దీవులు చూడాలనుకున్నవాళ్లు ఎక్కువగా బ్యాంకాక్‌లో దిగి మరో విమానం ఎక్కేవారు. 2025 జనవరి 31న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్ నుంచి నేరుగా ఫుకెట్‌కు సర్వీసు ప్రారంభించింది. ప్రయాణం సుమారు నాలుగు గంటలు. హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సులో వెళ్లేకన్నా తక్కువే!

దగ్గరైంది కదా అని వెళ్లిపోతే సరిపోతుందా? నాలుగు రోజుల టూరుకైతే సరిపోతుంది. నాలుగు నెలలు ఉండాలంటే మాత్రం అది కాపురమే. కాపురానికి కావాల్సినవన్నీ కావాలి.

ఒక దీవి... ఒక గది

ఫుకెట్ థాయ్‌లాండ్‌లోకెల్లా పెద్ద దీవి. విస్తీర్ణం సుమారు 540 చదరపు కిలోమీటర్లు. అంటే 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ కంటే చిన్నదే. ఒకప్పుడు తగరం గనులకు పేరు. ఆ గనుల కోసం వలస వచ్చిన చైనీయుల వారసులు ఇప్పటికీ పాత పట్నంలో ఉన్నారు. ప్రధాన భూభాగానికి వంతెన ఉంది కాబట్టి రోడ్డు మీదే రావచ్చు. అదే రెండో పెద్ద దీవి కో సముయ్‌కి అయితే పడవ గానీ విమానం గానీ ఎక్కాల్సిందే.

ఎక్కువ రోజులు ఉండేవాళ్లు సముద్రం పక్కన హోటల్ తీసుకోరు. బీచ్‌కి కాస్త లోపలగా, నెలవారీ అద్దెకు గది వెతుక్కుంటారు. ఒకటి రెండు నెలల అద్దె అడ్వాన్సు మామూలే. అసలు తిరకాసు కరెంటు దగ్గర. చాలామంది యజమానులు సర్కారు ధర కన్నా యూనిట్‌కు ఎక్కువే వసూలు చేస్తారు. రాత్రంతా ఏసీ వేసుకుంటే నెలాఖరుకు బిల్లు చూసి చెమటలు పడతాయి. కుళాయి నీళ్లు తాగరు. వీధుల్లో నాణెం వేస్తే సీసా నింపే యంత్రాలుంటాయి. బట్టలు ఉతకడానికీ నాణేల యంత్రాలే. వారానికోసారి బట్టల మూటతో అక్కడికి వెళ్లి కూర్చోవడం, పక్కవాళ్లతో పరిచయం చేసుకోవడం... దీవిలో స్నేహాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ఉద్యోగం చేసేవాళ్లకు గడియారంతో చిన్న పేచీ. అక్కడి సమయం మనకన్నా గంటన్నర ముందు. హైదరాబాద్ ఆఫీసు ఉదయం తొమ్మిదింటికి మొదలైతే అక్కడ పదిన్నర. అంటే తెల్లవారి ఈత కొట్టి, టిఫిన్ చేసి, తీరిగ్గా ల్యాప్‌టాప్ తెరవచ్చు. కానీ అమెరికా వాళ్లతో సాయంత్రం ఆరున్నర మీటింగ్ ఉందనుకోండి... అక్కడ రాత్రి ఎనిమిది! సూర్యాస్తమయం చూసి వచ్చి కొలువులో కూర్చోవాలి.

తులసి బాణలిలో...

సోమ్ తమ్ అని పచ్చి బొప్పాయి సలాడ్ ఉంది. రోట్లో పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి వేసి దంచుతారు. ఆ చప్పుడు వింటే మన రోటి పచ్చడే గుర్తొస్తుంది. కారానికి వెనక్కి తగ్గరు కాబట్టి ఆ విషయంలో తెలుగువారికి దిగుల్లేదు. శాకాహారులకే చిక్కు. కూర చూడ్డానికి ఆకులూ కాయలే అయినా అందులో చేపల పులుసు లాంటి ‘నామ్ ప్లా’ పడుతుంది. లేదా రొయ్యల ముద్ద. ఇంకో వింత ఏమిటంటే... మనం కోటలో పెట్టి పూజించే తులసి అక్కడ మాంసంతో కలిసి బాణలిలో వేగుతుంది! ‘పాట్ క్రపావ్’ అంటే అదే.

మరేం తినాలి? ‘జే’ అన్న మాట నేర్చుకుంటే చాలు. పసుపు జెండా మీద ఎర్రక్షరాలతో కనిపించే ఆ గుర్తున్న చోట మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెలలో ఫుకెట్ అంతా తొమ్మిది రోజులు ఇదే భోజనం. చాలా ఏళ్లలో అది మన దసరా నవరాత్రులతో కలిసి వస్తుంది. 2024లో రెండూ అక్టోబరు 3నే మొదలయ్యాయి. నవంబరు పున్నమికి అరటి డిప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలో వదిలే ‘లాయ్ క్రతోంగ్’ చూస్తే కార్తీక పౌర్ణమి గుర్తు రాకుండా ఉంటుందా! పలకరింపు ‘సవస్దీ’ కూడా మన ‘స్వస్తి’ నుంచి వెళ్లిందే.

సరుకుల సంగతీ చెప్పుకోవాలి. బియ్యం, కొబ్బరి, చింతపండు, పచ్చిమిర్చి ఎక్కడైనా దొరుకుతాయి. కందిపప్పు, మినప్పప్పు, ఇంగువలకు మాత్రం భారతీయ దుకాణం వెతుక్కోవాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు బ్యాగులో బట్టలు తగ్గించి పప్పులు పెంచుతారు.

పాస్‌పోర్టు మీద తేదీ

దీవిలో అందరి బతుకూ ఒక్క ముద్ర మీద ఆధారపడి ఉంటుంది. దిగగానే పాస్‌పోర్టు మీద వేసే ముద్ర అది. అందులో ఏ తేదీ ఉంటే ఆ తేదీ దాకానే. భారతీయులకు వీసా లేకుండా 30 రోజులు ఉండే వీలు 2023 నవంబరులో వచ్చింది. 2024 జులై 15 నుంచి దాన్ని 60 రోజులు చేశారు. ఈ గడువులు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం ఏం చెబుతుందో చూసుకోవాల్సిందే. 2025 మే 1 నుంచి అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో వివరాల కార్డు నింపడమూ తప్పనిసరి చేశారు. దానికి పైసా ఖర్చు లేదు. ఎవరైనా రుసుము అడిగితే అది మోసమే.

ఎక్కువ కాలం ఉండేవాళ్ల కోసం 2024లోనే కొత్త వీసా తెచ్చారు. అయిదేళ్లు చెల్లుతుంది, ఒక్కో విడత 180 రోజులు ఉండొచ్చు. విదేశీ కంపెనీకి ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకు, థాయ్ బాక్సింగో వంటో నేర్చుకునేవాళ్లకు ఇస్తారు. బ్యాంకులో అయిదు లక్షల బాత్‌లు చూపించాలి. 2025 లెక్కన మన డబ్బుల్లో అది పన్నెండున్నర లక్షల పైమాటే. యాభై ఏళ్లు నిండినవారికి విశ్రాంత జీవితం కోసం వేరే వీసా ఉంది. దానికి ఎనిమిది లక్షల బాత్‌ల డిపాజిట్ గానీ నెలకు 65 వేల ఆదాయం గానీ ఉండాలి. సాధారణంగా వరసగా తొంభై రోజులు దాటితే చిరునామా తెలియజేయాలి. గడువు మీరితే రోజుకు 500 బాత్‌ల జరిమానా, గరిష్ఠంగా 20 వేలు. తొంభై రోజులకు మించి మీరితే మళ్లీ దేశంలోకి రానివ్వకుండా నిషేధం!

స్కూటరూ... వానా

దీవిలో కాళ్లంటే స్కూటరే. మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి అందరికీ ధైర్యం ఎక్కువ. ఆ ధైర్యమే ప్రమాదం. థాయ్‌లాండ్‌లో రోడ్డు ప్రమాదాల్లో పోయే ప్రాణాల్లో ఎక్కువ భాగం ద్విచక్ర వాహనదారులవే. ఇక్కడి ఆర్టీయే ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి, అందులో మోటార్‌సైకిల్‌కు అనుమతి ఉండాలి. కారు లైసెన్సు చూపిస్తే చెల్లదు. అది లేకుండా పడితే బీమా డబ్బు రాదు, ఆస్పత్రి బిల్లు చేతి నుంచే. అద్దెకిచ్చేవాళ్లు తాకట్టుగా పాస్‌పోర్టు అడిగితే ఇవ్వకపోవడమే మంచిది.

వానాకాలమూ అంతటా ఒకటి కాదు. ఫుకెట్ వైపు మే నుంచి అక్టోబరు దాకా వానలు. సముయ్ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వానల్లో అద్దెలు తగ్గుతాయి, అలలు పెరుగుతాయి. ఒడ్డున ఎర్రజెండా ఉంటే ఎంత ఈతగాడైనా నీళ్లలో దిగకూడదు. 2004 డిసెంబరు 26న మన కోస్తాను తాకిన సునామీయే ఫుకెట్‌నూ ముంచింది. ఎత్తైన చోటుకు దారి చూపే బోర్డులు ఇప్పుడక్కడ బీచ్‌ల దగ్గర కనిపిస్తాయి.

‘అక్కడే ఉద్యోగం’ అంటే..?

ఇంట్లో పెద్దవాళ్లు చెవిన వేసుకోవాల్సింది ఇదే. టూరిస్టుగా దిగినవాళ్లు అక్కడ ఉద్యోగం చేయడం నేరం. హోటల్లో గిన్నెలు కడిగినా సరే, వర్క్ పర్మిట్ కావాలి. ‘ముందు టూరిస్టుగా వచ్చెయ్, తర్వాత చూసుకుందాం’ అని ఏజెంటు అన్నాడంటే అనుమానించాల్సిందే.

అలా థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని వెళ్లి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల కేంద్రాల్లో పడేసినవాళ్లెందరో. 2025 మార్చి 10, 11 తేదీల్లో థాయ్‌లాండ్‌లోని మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో 549 మంది భారతీయుల్ని వెనక్కి తెచ్చారు. వారిలో తెలుగు రాష్ట్రాల యువకులూ ఉన్నారు. ఇంటికి డబ్బు పంపాలని వెళ్లిన పిల్లలు ప్రాణాలతో తిరిగొస్తే చాలనుకున్నారు తల్లిదండ్రులు.

తిరుగు ప్రయాణంలో మరో వల. ‘ఈ పెట్టె హైదరాబాద్‌లో మావాళ్లకిస్తే టికెట్ డబ్బులిస్తాం’ అంటారు. 2025లో బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల దగ్గర శంషాబాద్‌లో హైడ్రోపోనిక్ గంజాయి పలుమార్లు పట్టుబడింది. పెట్టె ఎవరిదైనా, పట్టుకున్న చెయ్యి ఎవరిదో వారిదే కేసు.

అలాగని దీవి మీద ఆశ వదులుకోనక్కర్లేదు. సరైన వీసా, మూడు నెలల ఖర్చు, ఆరోగ్య బీమా, తిరుగు టికెట్... ఈ నాలుగూ చేతిలో ఉంటే దిగులు లేదు. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచాలి. అక్కడి టూరిస్టు పోలీసు నంబరు 1155 ఫోన్‌లో వేసుకోవాలి. ఇక ముఖ్యమైనది... రోజూ ఒకసారి ఇంటికి ఫోన్. గంటన్నర తేడాయే కదా, అమ్మ నిద్రపోయే ముందే మాట్లాడొచ్చు!