విరాటపర్వం, వాన, పుల్లరి

వానలు కురవకపోతే విరాటపర్వం చదివించడం మన పల్లెల్లో పాత ఆచారం. నా చిన్నతనంలో అమ్మమ్మగారి ఊళ్లో ఒకసారి చూశాను. రామమందిరం ముందు పందిరి, పీటమీద పుస్తకం, చుట్టూ రైతులు. పాలెం నుంచి వచ్చినవాళ్లు మాత్రం పందిరి బయట, ఎండలో నిలబడి విన్నారు. వాన అందరి చేలమీదా పడాలి. నీడ మాత్రం కొందరికే. పురాణాలు జనాన్ని కలుపుతాయని సభల్లో ఎవరన్నా నాకా పందిరే గుర్తొస్తుంది.

అలాగని పురాణాన్ని పారేయమనడం లేదు. ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు, తగాదా దేని దగ్గర పుట్టింది అని అడుగుతూ చదవమంటున్నాను. ఇందుకు మా నెల్లూరు సీమలోనే మంచి ఉదాహరణ ఉంది.

శైవ వైష్ణవ వైషమ్యాలు రగులుతున్న 13వ శతాబ్దంలో, నెల్లూరు నేలిన మనుమసిద్ధి కొలువులోని తిక్కన విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెనిగించి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఇద్దరు దేవుళ్లను ఒకే మూర్తిగా నిలపడం ఆనాటికి సాహసమే. మతం పేరిట మనుషులు విడిపోతున్న ఈనాటికీ అది చిన్న పాఠం కాదు. పైగా ఆయన మొదట ఎత్తుకున్న పర్వం చూడండి. రాజులు ఊడిగం చేసి బతికిన కథ అది. భీముడు వంటశాలలో గరిటె పట్టాడు. నకులుడు గుర్రాలను, సహదేవుడు ఆవులను చూసుకున్నాడు. కొలువులో దాసి మొర పెట్టుకుంటే వినేవాడుండడని ద్రౌపదికి అక్కడ మరోసారి తెలిసొచ్చింది. అయితే ఏడాది తిరిగేసరికి వేషాలు విప్పి మళ్లీ రాజులయ్యారు. విరాటుడి అసలు పశులకాపరులు కాపరులుగానే ఉండిపోయారు. గోగ్రహణంలో వాళ్ల పని పరుగెత్తుకొచ్చి కబురు చెప్పడం.

ఆ కాపరులు తమ గొంతుతో చెప్పుకున్న కథ కూడా ఈ సీమదే, ఆ కాలానిదే: కాటమరాజు కథ. కరువుకు తాళలేక గొల్లలు మందలు తోలుకుని నెల్లూరు బీళ్లకు వచ్చారు. మేతకు బదులు, పుట్టిన కోడెదూడలను రాజుకు పుల్లరిగా ఇవ్వాలని ఒప్పందం. రాజు ఉంపుడుగత్తె చిలుకను గొల్లలు చంపారని, రాజు మనుషులు ఆవులను చంపారని, దాంతో పుల్లరి ఆగిందని కథ చెబుతుంది. (చిలుక నెపమనీ, గడ్డే మూలమనీ నా అభిప్రాయం.) పాలేటి ఒడ్డున యుద్ధం జరిగింది. కాటమరాజు పక్షాన మాదిగ బీరినీడు పోరాడాడు. సిద్ధిరాజు పక్షాన పోరాడి కూలినవాడు ఖడ్గ తిక్కన, కవి తిక్కనకు పెదతండ్రి కొడుకు! ఆ ఇంట్లో ఒక తిక్కన ఘంటంతో హరినీ హరునీ కలుపుతుంటే, గడ్డి దగ్గర ఇంకో తిక్కన ప్రాణం పోయింది. దేవుళ్ల సంధి బీడుదాకా రాలేదన్నమాట.

ఈ కథను తరతరాలుగా పాడి నిలబెట్టినవాళ్లు కొమ్మువాళ్లు. తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరించాక 1970లలో అది అచ్చులోకి వచ్చింది. అయినా నా ఎం.ఏ.లో తిక్కనను నెలల తరబడి చదివాం. కాటమరాజు ఒక ప్రశ్నకు సరిపడా వచ్చాడు.

అల్లూరులో నా తరగతిలో ఇప్పుడు రెండు కథలూ కలిపే చెబుతున్నాను. ఒకసారి వెనక బెంచీలోంచి గొర్రెలకాపరి కొడుకు లేచాడు. "కోతలయ్యాక మా నాయన కయ్యల్లో మంద కడతాడు సార్. ఎరువు పడతాదని రైతే మాకు డబ్బులిస్తాడు. మరి ఆ రాజు ఎదురు అడిగాడేంది?"

ఆ గంట పాఠం ఆపేసి, మంద కట్టే బేరం ఎలా కుదురుతుందో వాణ్నే చెప్పమన్నాను.