మీకు తెలుసా? సైన్యం దాడి మొదలుపెట్టే రోజును ‘డీ-డే’ అంటుంది కదా, అందులో ‘డీ’ అంటే ఏమిటి?

డిస్ట్రక్షన్ (విధ్వంసం) అనీ, డెలివరెన్స్ (విముక్తి) అనీ, డెసిషన్ (నిర్ణయం) అనీ చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ‘డీ’ అంటే ‘డే’, అంటే రోజు, అంతే! దాడి మొదలయ్యే గంటకు ‘హెచ్-అవర్’ అని పేరు. ఫ్రెంచివాళ్లు కూడా ఇదే పద్ధతిలో, ‘జూర్’ (రోజు) నుంచి, ‘జూర్ జి’ అంటారు.

మన ఇళ్లలో ముహూర్తం ఇంకా ఖాయం కాకముందే పెద్దవాళ్లు ‘పెళ్లికి మూడు రోజుల ముందు పందిరి, ముందురోజు వంటవాళ్లు’ అని లెక్క వేసుకుంటారు కదా, సైన్యం లెక్కా అలాంటిదే. డీ మైనస్ 3 అంటే దాడికి మూడు రోజుల ముందు, డీ ప్లస్ 1 అంటే మర్నాడు. తేదీ కాగితం మీద ఉండదు కాబట్టి ఆ కాగితం శత్రువు చేతికి చిక్కినా రోజు బయటపడదు. తేదీ మారినా ఆదేశాలు తిరగరాయనక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో జరిగింది సరిగ్గా అదే. ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంపై దాడిని జూన్ 5న అనుకున్నారు. వాతావరణం బాగోలేక మిత్రరాజ్యాల సేనాధిపతి ఐసన్‌హోవర్ ఒక్కరోజు వాయిదా వేశారు. లక్షన్నరకు పైగా సైనికులు 6న అక్కడ దిగారు.

ఈ మాట ఆనాడు పుట్టింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబర్ 7న, ఫ్రాన్స్‌లోని సాఁ మియెల్ దగ్గర దాడి కోసం అమెరికా సైన్యం ఇచ్చిన ఉత్తర్వులోనే డీ-డే, హెచ్-అవర్ రెండూ ఉన్నాయి. ఆ తర్వాత ఎన్నో దాడులకు డీ-డేలు వచ్చాయి. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం జూన్ 6నే.