కాక్‌టెయిల్ గౌనుకు కరీంనగర్ కమ్మలు!

పెళ్లిపత్రికతోపాటు ఈమధ్య ఫోనులో మరో రెండు మూడు కార్డులు కూడా వచ్చిపడుతున్నాయి. మెహెందీ ఒకటి, సంగీత్ ఒకటి... ఆ తర్వాత కాక్‌టెయిల్ పార్టీ! ఒకప్పుడు హైదరాబాద్ పెద్ద హోటళ్లకే పరిమితమైన ఈ ముచ్చట ఇప్పుడు జిల్లాల్లోని ఫంక్షన్‌హాళ్ల దాకా వచ్చేసింది. గ్లాసుల్లో పోసేది పండ్లరసమే అయినా సరే, పేరు మాత్రం అదే. ఇక అమెరికాలో ఉద్యోగం చేసే అమ్మాయిలకైతే ఏడాది చివర ఆఫీసు విందు ఎలాగూ తప్పదు.

గౌను కొనడం పెద్ద పనేం కాదు. నల్లదో, ముదురు నీలందో, మోకాళ్ల దాకా వచ్చేది ఒకటి తెచ్చుకుంటారు. అసలు తంటా ఆ తర్వాతే. అమ్మ బీరువా తెరుస్తుంది. కాసులపేరు, గుట్టపూసల హారం, వంకీ, వడ్డాణం... అన్నీ పట్టుచీర కోసం పుట్టిన నగలే. గౌను మీద పెడితే అటు గౌనూ కనబడదు, ఇటు నగా నప్పదు. ఏమీ పెట్టుకోకుండా వెళ్తానంటే ‘బోసి మెడతోనా?’ అని అమ్మమ్మ అడ్డం పడుతుంది. చివరికి ఆన్‌లైన్‌లో ఏ రాళ్ల సెట్టో తెప్పించుకుని ఆ పూటకి గట్టెక్కుతారు. రెండోసారి పెట్టుకునేసరికి అందులో నాలుగు రాళ్లు ఊడిపోయి ఉంటాయి.

ఈ చిక్కుకు చక్కటి జవాబు కరీంనగర్‌లోనే ఉంది. వెండిని వెంట్రుకంత సన్నటి తీగగా సాగదీసి అల్లే ఫిలిగ్రీ పని. ఆ ఊరివాళ్లు సన్మానాలకు జ్ఞాపికలుగా ఇస్తుంటారే... అదే. దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకోవడం తెలిసినంతగా చెవులకు పెట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు.

ఆ గౌను కథ వేరు
కాక్‌టెయిల్ డ్రెస్ వయసు వందేళ్లే. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం అమల్లో ఉంది. అప్పుడే చాటుమాటు విందులు మొదలయ్యాయి. ఆడవాళ్లూ వాటికి వెళ్లేవారు. నేలను తాకే రాత్రి గౌన్లు అక్కడికి పనికిరావు, పగటి బట్టలూ నప్పవు. ఆ రెంటికీ మధ్య సాయంత్రం వేళ కోసం పుట్టిందే ఈ పొట్టి గౌను. ‘కాక్‌టెయిల్ డ్రెస్’ అన్న పేరును 1940ల చివర్లో జనంలోకి తీసుకెళ్లింది ఫ్రెంచి డిజైనర్ క్రిస్టియన్ డియోర్. అంతకుముందే 1926లో కోకో షనెల్ గీసిన ఓ నల్ల గౌను బొమ్మ ‘వోగ్’ పత్రికలో వచ్చి, నలుపు అంటే దుఃఖమే అన్న మాటను మార్చేసింది. 1961లో వచ్చిన ‘బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్’ సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ నల్లగౌను మీద వేసుకున్న ముత్యాల పేటలు ఇప్పటికీ ఫ్యాషన్ పాఠమే. ఆ పాఠం ఒక్క ముక్కలో చెప్పాలంటే... గౌను సాదాగా ఉండాలి, నగ ఒక్కటే మాట్లాడాలి.

మన పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. పట్టుచీరే ఓ పెద్ద నగ, దాని మీద ఇంకో పది నగలు. రెండూ అందమే! అయితే ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. కాబట్టి గౌను వేసుకున్న రోజు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటే... చూసేవాళ్ల కన్ను చెవుల మీద ఆగాలా, మెడ మీదా, చేతి మీదా? ఆ ఒక్కచోట ధైర్యంగా పెద్ద నగ పెట్టి, మిగతాచోట్ల చేయి బిగపట్టాలి.

కమ్మచ్చులోంచి కమ్మల దాకా
కరీంనగర్‌కు కాస్త దూరంలో మానేరు పక్కన ఎలగందుల కోట ఉంది. ఒకప్పుడు జిల్లా కేంద్రం అదే. ఈ తీగపని వేళ్లూ అక్కడే. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరు బుడ్లు, పన్నీరు చిలకరించే బుడ్లు, పళ్లేలు చేసేవారు. కొనేవాళ్లు నవాబులు, జాగీర్దార్లు. వాళ్లు పోయాక ఆ చోటులోకి సర్కారు ఆర్డర్లు, సన్మానాల జ్ఞాపికలు వచ్చాయి. 2007లో కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒడిశాలోని కటక్‌లోనూ ‘తారకాసి’ పేరుతో ఇలాంటి పనే ఉంది. దానికి ఆ గుర్తింపు 2024లోగానీ రాలేదు.

పని చూస్తే కళ్లు నొప్పిపుడతాయి. వెండిని మూసలో కరిగించి కడ్డీగా పోస్తారు. దాన్ని కమ్మచ్చులో ఒక్కో బెజ్జంలోంచీ లాగుతారు. ప్రతి బెజ్జం ముందుదానికన్నా చిన్నది. లాగి లాగి తీగ దారంలా అయ్యాక రెండు పోగులు కలిపి మెలితిప్పుతారు. మెలితిప్పినదాన్ని నొక్కి చదును చేస్తే అంచున సన్నటి పళ్లలాంటి గీతలు తేలతాయి. ఫిలిగ్రీ మెరుపంతా ఆ గీతల్లోనే ఉంది. కాంతి వాటి మీద పడి ముక్కలై చెదురుతుంది. ఇక మందపాటి తీగతో ఆకు, పువ్వు, నెమలి... ఏది కావాలంటే దాని చట్రం వంచుతారు. లోపలి ఖాళీని చుట్టలు చుట్టిన సన్నతీగతో శ్రావణం పట్టి ఒక్కొక్కటిగా నింపుతారు. పైన వెలిగారం, టంకం పొడి చల్లి మంట చూపిస్తారు. మంట ఒక్క క్షణం ఎక్కువైందా, పొద్దుట్నుంచీ నింపిన చుట్టలన్నీ కరిగి ముద్దవుతాయి! చివర్లో కుంకుడుకాయ రసంతో రుద్ది తోమితే తెల్లగా తేలుతుంది.

ఇంత పనికీ దొరికేది ఎక్కువగా జ్ఞాపికల బేరమే. సమావేశాలు ఉన్నప్పుడు ఆర్డర్లు, లేనప్పుడు ఖాళీ. ఇళ్లలో పిల్లలు వేరే చదువులు, వేరే ఉద్యోగాలు చూసుకుంటున్నారంటే తప్పెవరిది! దీనికితోడు 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటేసి ఇంకా పైకి పోయింది. పెద్ద పళ్లేనికో, వీణ బొమ్మకో పడే వెండి చూస్తే గుండె గుభేలుమంటుంది. అదే ఓ జత కమ్మలకైతే పట్టేది కొద్ది గ్రాములే. ధరలో ఎక్కువ భాగం చేతిపనిదే. ఆ లెక్కన చూస్తే ఈ కళకు ముందున్న దారి గోడ మీద వేలాడే జ్ఞాపిక కాదు, చెవికి వేలాడే జుంకీయే.

పెద్దల చూపు ఇప్పటికే అటు మళ్లింది. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జీ-20 సదస్సు ప్రతినిధుల కోసం అశోకచక్రం బ్యాడ్జీలు కరీంనగర్ పనివాళ్ల చేతుల మీదుగానే వెళ్లాయి. 2024లో అంబానీల ఇంట పెళ్లికి కానుకలుగా ఇచ్చేందుకు నగల పెట్టెలు, పర్సుల లాంటివి ఇక్కడే చేయించారు. విదేశీ కోటుకు నప్పిన తీగపని మన అమ్మాయి గౌనుకు నప్పదా?

ఏ మెడకు ఏది?
గౌను మెడ ఎలా ఉందో చూసుకుని నగ ఎంచుకోవాలి. భుజాలు లేని గౌనైతే గొంతుకు ఆనుకుని ఉండే ఒక్క వరస నగ చాలు. ‘వి’ ఆకారం మెడకు సన్నటి గొలుసు, దానికి ఆకులాంటి పతకం. అయితే అది మెడ మొన కన్నా కాస్త పైనే ఆగాలి, బట్ట మీదికి జారకూడదు. గొంతు దాకా మూసిన గౌనుకు మెడలో ఏమీ వద్దు, చెవులకు భుజాలను అందుకునేంత పెద్దవి పెట్టుకోవచ్చు. ఫిలిగ్రీ గొప్పతనం తెలిసేది ఇక్కడే. లోపలంతా ఖాళీయే కాబట్టి చూపుకు అరచేయంత ఉన్నా బరువుండదు. బంగారు బుట్టలు పెట్టుకున్న రోజు చెవితమ్మెలు సాగి, మాటిలు లాగి పడే అవస్థ దీనికి లేదు.

ఒంటిభుజం గౌనుకు హారం పెడితే మెడ గందరగోళమైపోతుంది. అక్కడ బ్రోచ్‌ది పైచేయి. భుజం మీద ముడి పడే చోట వెండి నెమలి ఒకటి గుచ్చితే చాలు. బ్రోచ్‌కు ఇంకో సుగుణం... మర్నాడు అదే పట్టుచీర కొంగుకూ పనికొస్తుంది. పెట్టిన డబ్బుకు రెండు పూటల న్యాయం!

రంగుల్లో నలుపు, ముదురు నీలం, వంకాయరంగు, ముదురాకుపచ్చ... వీటి మీద వెండి వెలుగుతుంది. లేత గులాబీ, గోధుమరంగు గౌన్ల మీద కాస్త పాలిపోతుంది. జరీ, చెమ్కీలు నిండుగా ఉన్న గౌనైతే దాని మీద తీగపని దండగ, ఎవరి కంటా పడదు. నెట్, లేసు బట్టలతో మాత్రం జాగ్రత్త. తీగ కొసలు పోగులను పట్టి లాగుతాయి. అందుకే చుట్టూ మందపాటి అంచు ఉన్నవే ఎంచుకోవాలి. కొనేముందు వేలి కొసతో అంచంతా ఒకసారి తడిమితే తెలిసిపోతుంది.

నల్లపూసల మాటేమిటి?
పెళ్లయినవాళ్లకు ఇదే పెద్ద మీమాంస. పొడవాటి పుస్తెలతాడు పొట్టిగౌను మీద వేలాడితే బాగోదు, తీసేస్తే ఇంట్లో పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఈ పేచీకి చాలామంది పొట్టి నల్లపూసల గొలుసుతో రాజీ కుదుర్చుకున్నారు. నిజానికి నల్లగౌనుకు దాన్ని మించిన నగ లేదు. దానికే చిన్న ఫిలిగ్రీ పతకం కూర్చుకుంటే విడిగా హారమే అక్కర్లేదు. మట్టెలు వెండివే కాబట్టి ముందువైపు తెరిచి ఉన్న చెప్పుల్లోంచి అవి కనబడటం కూడా ఓ అందం. పట్టీలు మాత్రం మువ్వల్లేనివి, అదీ ఒక కాలికే అయితే బాగుంటుంది. రెండు చేతులకూ డజన్ల గాజులొద్దు. ఒక చేతికి వెడల్పాటి కడియం, రెండో చేతికి వాచీ... అంతే.

‘వెండి కాళ్లకు కదా, మెడలో ఏంటి?’ అని అడిగేవాళ్లూ ఉంటారు. బంగారం లక్ష్మి కాబట్టి నడుం కింద పెట్టుకోకూడదన్నది పట్టింపు. వెండి నడుం పైకి రాకూడదని దానర్థం కాదు. తెలంగాణ పల్లెల్లో ముత్తవ్వల మెడలో వెండి కంటెలు, జబ్బలకు వెండి దండకడియాలు ఉండేవి. ఆదిలాబాద్ గోండు ఆడపడుచుల ఒంటి మీద, లంబాడీ తండాల్లో జడలకూ చేతులకూ మెరిసేది వెండే.

ఉషేగావ్ ఇత్తడి
ఆదిలాబాద్ మాట వచ్చింది కాబట్టి డోక్రా సంగతీ చెప్పుకోవాలి. ఇప్పుడు కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న జైనూర్ మండలంలోని ఉషేగావ్ ఈ పనికి పేరు. ఓజా కుటుంబాలవాళ్లు తరాలుగా గోండులకు దేవతామూర్తులు, గంటలు, నగలు పోసి ఇస్తున్నారు. మట్టిముద్ద మీద మైనపు దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోటులోకి ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేగానీ వస్తువు బయటికి రాదు. అందుకే ఒకటి చేసినట్టు ఇంకోటి ఉండదు. దీనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

డోక్రా బరువైనది, మొరటు అందం. సన్నటి సిల్కు గౌను మెడ కిందికి లాగేస్తుంది. కానీ ఆవపిండి రంగు, ఇటుకరంగు, నలుపు కాటన్ గౌన్ల మీద నల్లదారానికి గుచ్చిన ఒక్క డోక్రా పతకం చాలు. వెండితీగనూ డోక్రానూ ఒకే రోజు కలపాలని మాత్రం చూడొద్దు. ఒకటి గుసగుస, ఇంకోటి డప్పు!

కొనేటప్పుడు...
అచ్చుపోసిన నగల్ని ఫిలిగ్రీ అని అమ్మేవాళ్లున్నారు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. నిజమైనదాంట్లో ప్రతి చుట్టా విడిగా, మెలికలతో కనబడుతుంది. అచ్చుదాంట్లో తీగలన్నీ కలిసిపోయి నున్నగా ఉంటాయి. జర్మన్ సిల్వర్‌లో పేరుకే వెండి. ఉన్నది రాగి, నికెల్, జింకు. నికెల్ పడనివాళ్లకు చెవులు దురదపెట్టి పుండ్లు పడతాయి. వెండికీ హాల్‌మార్క్ ఉంది, కానీ బంగారంలా తప్పనిసరి చేయలేదు. అందుకే బిల్లు మీద స్వచ్ఛత ఎంతో రాయించుకోవడం మంచిది.

సెంటు, హెయిర్ స్ప్రే ముందు, నగ తర్వాత. విందు నుంచి రాగానే మెత్తటి బట్టతో తుడిచి, గాలి చొరని కవర్లో ఓ సుద్దముక్కతోపాటు పెడితే తేమ అంటదు, నల్లబడటం ఆలస్యమవుతుంది. నల్లబడితే టూత్‌పేస్టు పెట్టి రుద్దొద్దు, అది చుట్టల్లో ఇరుక్కుంటుంది. కుంకుడు నురగ, మెత్తటి బ్రష్షు, తర్వాత నీడన ఆరబెట్టడం... పనివాళ్లు చేసేదే ఇంట్లోనూ చేసుకోవచ్చు.

దుకాణంలో ఉన్న నమూనాల్లో జ్ఞాపికలే ఎక్కువ, నగలు తక్కువ. నచ్చిన బొమ్మ ఇచ్చి చేయించుకోవాలంటే కొన్నాళ్లు పడుతుంది. గౌను కొలతలు టైలరుకు ఇచ్చిన రోజే కమ్మల కొలతలు కంసాలికీ ఇచ్చి రావాలి. పార్టీ రేపనగా పరుగెత్తితే మళ్లీ ఆ రాళ్ల సెట్టే దిక్కు!