అమ్మీ అడిగే ప్రశ్నకు జవాబు

మన విద్యార్థి వేతనంతో బయోటెక్నాలజీ చదివే అబ్బాయో అమ్మాయో సెలవులకు ఇంటికి వస్తారు. షుగర్ ఉన్న అమ్మీ ఇన్సులిన్ సీసా చూపించి, "ఇది పంది నుంచి తీస్తారట, నిజమేనా బేటా?" అని అడుగుతుంది. పరీక్షలో పేజీలకు పేజీలు రాసిన పిల్లలు ఇక్కడ తడబడకూడదు.

జవాబు కష్టమైనదేమీ కాదు. ఒకప్పుడు ఇన్సులిన్‌ను పంది, ఆవుల క్లోమం నుంచే తీసేవారు. జన్యువు అంటే హకీమ్ సాబ్ రాసిచ్చే నుస్ఖా లాంటిది. కణం దాన్ని చదివి ప్రొటీన్ తయారు చేస్తుంది. 1978లో అమెరికా శాస్త్రవేత్తలు మనిషి ఇన్సులిన్ నుస్ఖాను ప్రయోగశాలలో కూర్చి బాక్టీరియాకు ఇచ్చారు. అది ఇన్సులిన్ తయారు చేసింది. 1982లో ఆ మందుకు అక్కడ అనుమతి వచ్చింది. సీసా మీద 'ఆర్‌డీఎన్ఏ' అని ఉంటే అది ఈ పద్ధతిలో తయారైనదే. తయారీ ఎలా జరిగిందో చెప్పడం వరకే విద్యార్థి పని. హలాల్, హరామ్ తీర్పు ఉలమాలది. సరైన సమాచారం అందితేనే వారూ సరైన తీర్పు చెప్పగలరు.

ఒక జీవి నుస్ఖాను మరో జీవికి చేర్చితే జన్యుమార్పిడి. నుస్ఖాలనే కొత్తగా రాసి, కణాన్ని మన అవసరానికి తగిన కార్ఖానాగా దిద్దితే సింథటిక్ బయాలజీ.

దీని మేలు మన హైదరాబాద్ చూసింది. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. వైరస్ పైపొరలోని ఒక్క ప్రొటీన్ నుస్ఖాను మాత్రమే ఈస్ట్ కణాలకు ఇచ్చారు. అందుకే టీకాతో ఆ జబ్బు రాదు. దిగుమతి టీకా సామాన్యుడికి అందని రోజులవి. ఆ ప్రయత్నానికి తొలినాళ్లలో పెట్టుబడితో అండగా నిలిచినవారు ఒమన్ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ.

పొలం సంగతి వేరు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలో, నేలలోని ఒక బాక్టీరియా జన్యువు కాయతొలుచు పురుగును చంపుతుంది. మొదట మందుల పిచికారీ తగ్గింది. తర్వాత గులాబీ పురుగు దానికి అలవాటు పడింది. బీటీ వంకాయను 2010లో కేంద్రం నిలిపివేసింది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో చేసేదంతా జన్యుమార్పిడేనని కొందరి అనుమానం. అక్కడి 'ఆశ' కంది మామూలు సంకరణంతో వచ్చిన రకం. దాని జన్యుపటాన్ని 2011లో చదివారు. చదవడం వేరు, మార్చడం వేరు.

అనుమానం ఊరికే పుట్టదు. నక్కవాగు నీళ్లు చూసినవారికి 'భయం లేదు' అంటే సరిపోదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీటిలో మందుకు లొంగని బాక్టీరియా బతికి, ఆ నుస్ఖాను పక్క బాక్టీరియాకు అందిస్తుంది. జన్యువులు చేతులు మారడం ప్రయోగశాలలోనే కాదు, మన వాగులోనూ జరుగుతుంది.

అందువల్ల మన పిల్లలు కంపెనీ తరఫునో, భయం తరఫునో మాట్లాడకూడదు. ఏ జన్యువు, ఏ జీవిలో, ఎందుకు పెట్టారు, వ్యర్థాలు ఎటు పోతాయి, ఎవరు తనిఖీ చేస్తారు అన్న ప్రశ్నలను ఇంటి భాషలో అడగడం నేర్పాలి.

ఫీజు కట్టిన మనం ఇంకొక్కటి చేద్దాం. సెలవులకు వచ్చిన విద్యార్థులను ఒక జుమా తర్వాత అరగంట మాట్లాడమని పిలుద్దాం. అమ్మీలు కూడా వినేలా ఏర్పాటు చేద్దాం. ఇన్‌షా అల్లాహ్, మొదటి ప్రశ్న వాళ్లే వేస్తారు.